ఆమె చెబితే సోది, మనం చెబితే టారో

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైతే హాస్టల్లో రెండు వస్తువులకి డిమాండ్ పెరుగుతుంది. ఒకటి ఇస్త్రీ పెట్టె, రెండోది టారో ప్యాకు. ఇస్త్రీ పెట్టె దగ్గర సిద్ధాంత విభేదాలు లేవు, క్యూ ఒక్కటే సమస్య. టారో దగ్గర మాత్రం రెండు పార్టీలు. రాత్రి పదకొండు దాటాక మంచం మీద దుప్పటి సరిచేసి, కార్డులు కలిపి, "ఈ డ్రైవ్‌లో నాకు వస్తుందా" అని అడిగేవాళ్ళు ఒక పార్టీ. "బీటెక్ చదువుతూ ఇదేం పిచ్చిరా" అని నవ్వి, అందరూ వెళ్ళాక మెల్లగా వచ్చి "నాకూ ఒకటి తియ్యి" అనేవాళ్ళు రెండో పార్టీ.

నేను టారో నేర్చుకోవడం మొదలుపెట్టి కొద్ది నెలలే అయింది. కాబట్టి గురువులా కాదు, పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళలా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టారో నేర్చుకోవచ్చు, అదొక మంచి చదువు కూడా. అయితే అది భవిష్యత్తు గురించిన చదువు కాదు, బొమ్మని, మనిషిని చదివే చదువు. ఇంకో మాట కూడా ఉంది. టారోని "కూల్" అంటూ మన ఊళ్ళో చిలక జోస్యం చెప్పే మనిషిని, ఎరుక చెప్పే ఆవిడని వెక్కిరించే హక్కు మనకి లేదు. తూస్తే రెండింటినీ ఒకే కాటాలో తూయాలి.

పేకాట నుంచి పుట్టిన విద్య

వీడియోల్లో టారో అనగానే ఈజిప్టు పూజారులు, వేల ఏళ్ళ రహస్యం అంటారు. అసలు సంగతి అంత గంభీరమైనది కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట అది. ఈజిప్టు కథ చాలా తర్వాతది. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు తన పుస్తకంలో ఈ కార్డులు ప్రాచీన ఈజిప్టువని రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవడం ప్రపంచంలో ఎవరికీ రాదు. కాదని నిరూపించేవాళ్ళు లేరు కనక కథ నిలబడిపోయింది.

ప్యాకులో మొత్తం 78 కార్డులు. అందులో 22 పెద్దవి: పిచ్చివాడు, సన్యాసి, చక్రం, బురుజు, చంద్రుడు, సూర్యుడు ఇలాంటివి. మిగతా 56 చిన్నవి: కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు అని నాలుగు రంగులు, ఒక్కోదాంట్లో 14. సంక్రాంతి సెలవుల్లో పెద్దవాళ్ళ పేకాట దగ్గర కూర్చున్నవాళ్ళకి ఇది కొత్త లోకమేం కాదు. ఆఠీను, ఇస్పేటు, కళావరు, డైమను వీటికి చుట్టాలే. ఇటాలియన్‌లో "స్పాద" అంటే కత్తి. మన ఇస్పేటు ఆ కుటుంబంలోదే.

ఇవాళ కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువమంది వాడే ప్యాకు 1909లో లండన్‌లో రైడర్ అనే ప్రచురణ సంస్థ వేసింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అర్థాలు చెబితే, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసింది. అంతకుముందు చాలా ప్యాకుల్లో చిన్న కార్డుల మీద సన్నివేశమే ఉండేది కాదు. ఏడు నాణేలంటే ఏడు నాణేలే, మన పేకముక్కలాగా. ఆవిడ వాటికి మనుషుల్ని ఇచ్చింది, చెట్టూ చేమా ఇచ్చింది, ఒక క్షణాన్ని ఇచ్చింది. మనలాంటి కొత్తవాళ్ళు బట్టీ పట్టకుండా చదవగలుగుతున్నామంటే ఆ బొమ్మల పుణ్యమే. కానీ చాలాకాలం ఆ ప్యాకుకి ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరే ఉన్నాయి. 1951లో చనిపోయేనాటికి ఆవిడ పేదరికంలో ఉంది. పని చేసిన చెయ్యి పేరు లేకుండా పోవడం అనే ఈ సంగతిని కాస్త పక్కన పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

కార్డు నామవాచకం, చోటు విభక్తి

కొత్తవాళ్ళు అందరూ చేసే మొదటి పని 78 అర్థాల పీడీఎఫ్ దింపుకోవడం. రెండో పని, మూడు రోజుల్లో దాన్ని వదిలేయడం. ఎందుకంటే అర్థాలు కంఠతా వచ్చినా స్ప్రెడ్ చదవడం రాదు. నిఘంటువు బట్టీ పడితే పద్యం అర్థం కానట్టే.

స్ప్రెడ్ అంటే కార్డులు పరిచే పద్ధతి, ఇంకేం లేదు. అన్నిటికన్నా తేలికైనది మూడు కార్డులది: గతం, వర్తమానం, ముందున్నది. ఎక్కువ పేరున్నది పది కార్డుల కెల్టిక్ క్రాస్. కొత్తవాళ్ళు దాని జోలికి పోకపోవడం మంచిది. సైకిల్ నేర్చుకునేవాడికి లారీ ఇచ్చినట్టుంటుంది.

సాహిత్య క్లబ్బు వాళ్ళకి తేలిగ్గా ఎక్కే పోలిక ఒకటి చెబుతాను. కార్డు నామవాచకం అనుకోండి. అది పడిన చోటు విభక్తి. "రైతు" అనే మాట ఒక్కటే. రైతుని, రైతుతో, రైతుకి, రైతు వల్ల అన్నప్పుడు వాక్యం మొత్తం మారిపోతుంది. అలాగే ఒకే కార్డు గతం చోట పడితే ఒక మాట, ముందున్నదాని చోట పడితే ఇంకో మాట. మూడింటినీ కలిపే క్రియ మాత్రం కార్డుల్లో ఉండదు. అది అడిగిన మనిషి ప్రశ్నలో ఉంటుంది. ప్రశ్న సరిగ్గా లేకపోతే ఎన్ని కార్డులు పరిచినా అసమాపక క్రియలాగా వేలాడుతూనే ఉంటుంది.

మన వైపు ప్రశ్న ఒకటి తీసుకుందాం. "మిర్చి ఇప్పుడు యార్డుకి తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?" ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో అన్నం దగ్గర ఈ మాట నడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. మన క్లాసులో సగంమంది ఫీజులు ఆ జవాబు మీదే ఉన్నాయి.

మూడు కార్డులు పడ్డాయనుకోండి. గతం చోట ఏడు నాణేలు. ముందున్న చోట చక్రం. మధ్యలో రెండు కత్తులు.

పీడీఎఫ్ ఏమంటుంది? "ఓపిక, అయోమయం, అదృష్టం." మూడు మాటలు, మూడు దిక్కులు. ఇప్పుడు పీడీఎఫ్ మూసేసి బొమ్మ చూడండి. మొదటిదాంట్లో ఒక మనిషి పొడుగు కర్ర ఉన్న పనిముట్టు మీద ఆనుకుని నిలబడి, గుబురుగా పెరిగిన మొక్క వైపు చూస్తున్నాడు. మొక్కకి కాయల్లాగా నాణేలు. ఒకటి మాత్రం కాళ్ళ దగ్గర ఉంది. అతని మొహంలో సంతోషం లేదు, ఏడుపూ లేదు. లెక్క ఉంది. మన దగ్గర ఏ మిర్చి కళ్ళంలోనైనా, పత్తి చేను గట్టు మీదనైనా కనిపించే మొహమే. రెండోదాంట్లో ఒకావిడ కళ్ళకి గంతలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కత్తులు ఎదురెదురుగా పట్టుకుని కూర్చుంది. వెనక సముద్రం ఉంది, ఆవిడ అటు చూడటం లేదు. మూడోది చక్రం. మనవాళ్ళు దీనికి ఏనాడో పేరు పెట్టారు: ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి.

ఇప్పుడు వాక్యం కట్టండి. పెట్టుబడి పెట్టారు, పంట చేతికొచ్చింది. రేటు తిరుగుతుంది, అది మన చేతిలో లేదు. మరి మన చేతిలో ఉన్నదేంటి? మధ్య కార్డులో గంతలు. అంటే ఇంట్లో అడగాల్సిన ప్రశ్న "రేటు పెరుగుతుందా" అని కాదు. "మనం ఏం చూడకుండా నిర్ణయం తీసుకుంటున్నాం?" అని. యార్డుకి రోజుకి ఎన్ని టిక్కీలు వస్తున్నాయి, స్టోరేజీల్లో పాత సరుకు ఎంత ఉంది, అప్పు వడ్డీ నెలకి ఎంత, స్టోరేజీ అద్దె ఎంత, మొత్తం ఒకేసారి అమ్మక సగం ఆపితే ఏమవుతుంది. ఇవన్నీ తెలుసుకోగలిగినవే.

చూశారా, స్ప్రెడ్ జవాబు చెప్పలేదు. ప్రశ్నని మార్చింది. నా మటుకు నాకు టారో చేయగలిగిన మంచి పని ఇదొక్కటే. అది చిన్న పనేం కాదు.

ఇంజనీరుకి వచ్చే డౌటు

78 కార్డుల్లో మూడు వరసగా తీస్తే ఎన్ని రకాలుగా పడొచ్చు? 78 × 77 × 76. అంటే 4,56,456. తలకిందులుగా పడినవి కూడా వేరుగా లెక్కేస్తే దానికి ఎనిమిది రెట్లు, 36 లక్షల పైమాటే. ఇన్ని లక్షల రకాలుగా కార్డులు పడుతున్నా, చివరికి నోట్లోంచి వచ్చేవి ఓ పది మాటలే: మార్పు వస్తుంది, ఓపిక పట్టాలి, దగ్గరివాళ్ళతో జాగ్రత్త, మంచి రోజులున్నాయి. ఇన్‌పుట్‌లో ఇంత వైవిధ్యం, అవుట్‌పుట్‌లో ఇంత తక్కువ. ఎక్కడో మధ్యలో ఫిల్టర్ ఉంది. ఆ ఫిల్టర్ మనమే.

1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు తన క్లాసులో ఒక పరీక్ష పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరికీ "ఇది నీ వ్యక్తిత్వ విశ్లేషణ" అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చింది. అసలు విషయం ఏంటంటే 39 మందికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో వాక్యాలు బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి తీసుకున్నవి. "నీలో వాడుకోని శక్తి చాలా ఉంది" లాంటి మాట వింటే నాక్కాదు అనేవాడు ఎవడుంటాడు?

అయితే ఇదంతా బూటకం అని లేచిపోదామా? నేను లేవను. ఎందుకో చెబుతాను.

మా వింగ్‌లో ఒక ఫ్రెండ్ అడిగాడు: "రెండు సబ్జెక్టులు పోయాయని ఇంట్లో చెప్పాలా, సప్లీ రాసి పాసయ్యాక చెప్పాలా?" వాళ్ళ నాన్న మిర్చి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టాడు. ఒక్క కార్డే తీశాం. ఐదు నాణేలు పడింది. మంచు కురుస్తుంటే చిరిగిన బట్టలతో ఇద్దరు, ఒకరికి చేతికర్రలు, నడిచిపోతున్నారు. వాళ్ళ నెత్తి మీదే వెలుతురున్న కిటికీ. నేనింకా ఏమీ చెప్పలేదు. వాడే చాలాసేపు చూసి అన్నాడు, "వీళ్ళు లోపలికి ఎందుకెళ్ళరు?" ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు. పొద్దున్నే ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న తిట్టాడట. తిట్టడం అయ్యాక, సప్లీకి ఎంత కట్టాలి అని అడిగాడట.

ఆ కార్డు కాకుండా ఇంకో కార్డు పడితే వాడు ఇంకోలా ఫీలయ్యేవాడా? కావచ్చు. అందుకే కార్డుకి అన్నీ తెలుసు అనను. కానీ లోపల ఉన్న మాట బయటికి రావడానికి ఒక బొమ్మ సాయం చేసింది. కథలు, కవితలు చేసే పని కూడా అదే కదా. ఇటలీ రచయిత ఇటాలో కాల్వీనో 1973లో టారో కార్డులు పరిచి, వాటి వరసల్లోంచే కథలు అల్లి ఒక పుస్తకం తెచ్చాడు. భవిష్యత్తు అడగలేదు, కథ అడిగాడు. అడగాల్సింది అదే అని నా ఉద్దేశం.

అవే 27, రెండు రకాలుగా

ఇప్పుడు మన వైపు చూద్దాం. చిలకలూరిపేట, నరసరావుపేట బస్టాండ్ల పక్కన, కోటప్పకొండ తిరునాళ్ళలో చిలక జోస్యం చూడని తరం మా నాన్నవాళ్ళలో లేదు. చెట్టు కింద గుడ్డ పరిచి, చిన్న పంజరం, దాని ముందు కార్డుల కట్ట. మన పేరు చెబితే చిలక బయటికొచ్చి, ముక్కుతో ఒక్కో కార్డు పక్కకి లాగి, ఒకటి ఇచ్చి, గింజ తీసుకుని లోపలికెళ్ళిపోతుంది. కార్డు మీద దేవుడి బొమ్మ. జోస్యుడు ఆ బొమ్మ కథని మన కథకి ముడేస్తాడు. వనవాసంలో రాముడు వస్తే కష్టాలు, ఆ తర్వాత పట్టాభిషేకం. లంక దాటే ఆంజనేయుడు వస్తే దూరదేశం ఉద్యోగం. ఇది టారో కాదా? కార్డు ఉంది, బొమ్మ ఉంది, కలపడం ఉంది, మనిషి మొహం చూసి చెప్పడం ఉంది. కలిపేది చిలక, అంతే తేడా. రామచిలకని పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనక ఆ భాగం పోవాల్సిందే. నేను దాన్ని సమర్థించను. మిగతా విద్య మాత్రం అదే విద్య.

ఆ కట్టలో 27 నక్షత్రాల లెక్కన 27 కార్డులుంటాయని చెబుతారు. ఈ 27 దగ్గర ఆగి ఆలోచించాలి. ఎందుకంటే మన రైతు ఇదే 27ని ఇంకో పనికి వాడతాడు. కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. జూన్ మొదటి వారం చివర్లో మృగశిర వస్తుంది, నైరుతి రుతుపవనాల కోసం చూపులు మొదలవుతాయి. విత్తనం ఎప్పుడు, నారు ఎప్పుడు అని తాతలు కార్తెల మీదే లెక్క చెప్పేవాళ్ళు.

నక్షత్రాలు అవే, పేర్లు అవే. కార్తెలో సమాచారం ఉంది, ఎందుకంటే సూర్యుడి స్థానానికీ వానకాలానికీ కార్యకారణ సంబంధం ఉంది. చిలక తీసిన కార్డుకీ నా ఉద్యోగానికీ ఆ సంబంధం లేదు. మన భాషలో చెప్పాలంటే ఒకటి సిగ్నల్, ఇంకోటి నాయిస్. నాయిస్ చెడ్డదని కాదు, దాన్ని చూస్తూ కథ చెప్పుకోవచ్చు. దాన్ని సిగ్నల్ అనుకుని పొలం పెట్టుబడి పెడితేనే ప్రమాదం. ఉగాది పంచాంగంలో ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ అని వింటే నవ్వుకుని ఉగాది పచ్చడి తినొచ్చు. దాన్ని బట్టి కౌలు ఎకరాలు తగ్గించుకోం కదా.

ఆవిడ పేరు ఎందుకు పోయింది

ఇక ఎరుక. బుట్ట, చేతిలో పుల్ల, "ఎరుక చెబుతానమ్మా" అంటూ ఇంటింటికీ వచ్చే ఎరుకల ఆవిడ. చెయ్యి పట్టుకుని, మొహం చూసి, మాట మీద మాట పేర్చేది. శ్రీనివాస కల్యాణం కథలో పద్మావతి దిగులుతో మంచం పట్టినప్పుడు వేంకటేశ్వరుడు ఏ వేషంలో వచ్చాడు? ఎరుకలసాని వేషంలో. ధరణీదేవికి కూతురి మనసులో మాట చెప్పింది ఆ వేషమే. దేవుడికి కూడా ఒక ఆడపిల్ల మనసు ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలంటే ఆ వేషం కావాల్సొచ్చింది.

మన ప్రభుత్వం ఏం చేసింది? నేర తెగల చట్టాన్ని బ్రిటిష్‌వాళ్ళు 1871లో తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళని పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్లో రాశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1910ల దశకంలో అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీకి దాని నిర్వహణ అప్పగించారు. పేరు మద్రాసు ప్రభుత్వంలోని ఒక దొరది. తిరగడమే జీవనమైన మనుషులకి తిరగడమే నేరమైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర పోవడానికి చట్టం రద్దు చాల్లేదు. స్టూవర్టుపురం అంటే దొంగలు అని సినిమాలు కూడా మళ్ళీ మళ్ళీ గుర్తు చేస్తూనే ఉన్నాయి.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1909లో లండన్‌లో టారో ప్యాకు అచ్చయింది. రెండేళ్ళకి, 1911లో, అదే సామ్రాజ్యం మన దగ్గర ఎరుక చెప్పే జనాన్ని రిజిస్టర్లోకి ఎక్కించే చట్టం తెచ్చింది. వాళ్ళ జోస్యం పుస్తకమైంది, మన జోస్యం పోలీసు రికార్డైంది. అక్కడ పమేలా పేరు ప్యాకు మీద లేదు, ఇక్కడ ఎరుకలావిడ పేరు రికార్డులో తప్ప ఎక్కడా లేదు.

ఆ ముద్ర మన భాషలోకి కూడా దిగింది. "సోది" అంటే అసలు అర్థం అడిగినవాళ్ళకి చెప్పే భవిష్యవాణి. ఇవాళ మనం వాడేది? "సోది ఆపరా." అర్థంలేని వాగుడికి ఆ పేరు పెట్టేశాం. అదే పని ఇంగ్లీషు పేరుతో, బంగారు అంచున్న కార్డులతో, ఏసీ రూములో చేస్తే "రీడింగ్", "సెల్ఫ్ కేర్". బుట్ట పట్టుకుని ఎండలో తిరిగే ఆవిడ చేస్తే సోది. మూఢనమ్మకం అనదలుచుకుంటే రెండింటినీ అనండి. కళ అనదలుచుకుంటే రెండింటినీ అనండి. ఒకదాన్ని హాస్టల్ మంచం మీద పెట్టి, ఇంకోదాన్ని గేటు బయట ఆపితే అది సైన్సు కాదు, కులం.

"ఆవిడ చెప్పిందీ అబద్ధమే కదా" అని మీరు అడగొచ్చు. నిజమే, రాబోయేది ఆవిడకీ తెలియదు. కానీ పూర్వం కోడలి కష్టం అత్తింట్లో ఎవరడిగారు? గుమ్మంలో కూర్చుని, చెయ్యి పట్టుకుని, "నీ మనసులో ఒక దిగులుందమ్మా" అన్న మొదటి మనిషి ఆవిడే అయ్యుండొచ్చు. వినడం ఆ విద్యలో సగం. మన టారో వీడియోల్లో ఆ సగమే కనిపించదు. కెమెరా ఎవరి మాటా వినదు కాబట్టి.

భయం, పరిహారం, రేటు

ప్రమాదం ఎక్కడుందో కూడా చెప్పాలి. జోస్యంలో నష్టం ఎప్పుడూ ఒకే వరసలో వస్తుంది: ముందు భయం, తర్వాత పరిహారం, చివర రేటు. "నీ మీద నెగటివ్ ఎనర్జీ ఉంది" అన్న వాక్యం తర్వాత "తీసేయడానికి ఇంత అవుతుంది" అని వస్తే, చెప్పినవాళ్ళ ముందున్నది చిలకైనా, టారో అయినా, యాప్ అయినా లేచి వచ్చేయండి.

ఈ మాట మన ప్రాంతంలో ఇంకా గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మనవి జూదంలాంటి పంటలు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతలో చేరి చేలకి చేలు పోయాయి. 2023లో క్వింటా 20,000 దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరికి ఎంతకి దిగిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల రేటు ప్రకటించాల్సొచ్చింది. ఇంత ఊగిసలాటలో బతికే ఇంటి పిల్లలకి "తెలిస్తే బాగుండు" అనే ఆశ ఎక్కువ. ఆశ ఎక్కువున్న చోటే అమ్మేవాళ్ళూ ఎక్కువ. అందుకే నేర్చుకునేవాళ్ళకి బాధ్యత కూడా ఎక్కువ.

నేను పెట్టుకున్న నియమాలు చెబుతాను, నచ్చితే తీసుకోండి. మొదటిది, డబ్బు తీసుకోను. టీ తాగుతాను. రెండోది, "వస్తుందా, రాదా" అనే ప్రశ్నకి కార్డు తీయను. "నేనేం చూడటం లేదు, నా చేతిలో ఏముంది" అని మార్చి అడగమంటాను. మూడోది, ఆరోగ్యం, చావు, కోర్టు, అప్పు వీటికి అసలు తీయను. డాక్టరు, లాయరు, బ్యాంకు ఉన్నాయి. నాలుగోది, అక్కడ లేని మనిషి మనసు చదవను. "ఆ అమ్మాయికి నేనంటే ఇష్టమా" అంటే, వెళ్ళి ఆ అమ్మాయినే అడగాలి. ఆమె జవాబు ఇచ్చే హక్కు నా ప్యాకుకి లేదు. ఐదోది, భయపెట్టను. 13వ నంబరు కార్డు పేరు డెత్, గుర్రం మీద అస్థిపంజరం. దాన్ని చూపించి ఎవరినైనా వణికించొచ్చు. కానీ అదే బొమ్మలో వెనక, దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు. మొత్తం బొమ్మ చూపించని రీడింగ్ రీడింగే కాదు.

ఆరోది మనకి బాగా నప్పేది: రికార్డు రాయండి. తేదీ, ప్రశ్న, పడిన కార్డులు, చెప్పిన మాట. నెల తర్వాత తీసి చూడండి. నిజమైనవి గుర్తుంటాయి, కానివి మర్చిపోతాం, అది మెదడు స్వభావం. ల్యాబ్ రికార్డు రాయడానికి ఏడ్చే మనం ఈ ఒక్క రికార్డు శ్రద్ధగా రాస్తే, కార్డుల గురించి కాదు, మన గురించి చాలా తెలుస్తుంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఇంకొక్క మాట. రోజుకి ఒక్క కార్డు చాలు. అర్థం వెతకకముందు ఐదు వాక్యాలు రాయండి: ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు, చేతిలో ఏముంది, వెనక ఏముంది, బొమ్మలో లేనిదేంటి. తెలుగులోనే రాయండి. "సెవెన్ ఆఫ్ పెంటకిల్స్" అన్నంతసేపూ అది యూట్యూబ్ కార్డు. "పంట ముందు నిలబడి లెక్క చూసుకుంటున్న మనిషి" అని రాసిన రోజు, ఆ మనిషి మీకు తెలిసినవాడని అర్థమవుతుంది. అతనికి జోస్యం చెప్పే ముందు, అతను లెక్క ఎలా చూసుకుంటున్నాడో అడిగి వినండి. ఈ విద్య అక్కణ్ణుంచే మొదలవ్వాలి.